యజమాని వాటా, మన హద్దు: పీఎఫ్‌నూ 401కెనూ పక్కపక్కన పెట్టి చూస్తే

మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో కింద సాగే రోడ్డుకు రెండు వైపులా ఉన్న కాలనీల్లో, ఒకే కుటుంబంలో రెండు రకాల పేస్లిప్పులు ఉండటం ఇప్పుడు మామూలు విషయం. తండ్రి ప్రైవేటు కాలేజీలోనో, ఫార్మా కంపెనీలోనో, కొత్తపేట బట్టల షాపులో లెక్కలు చూసే పనిలోనో ఉండి పీఎఫ్ కూడబెట్టుకున్న మనిషి. కొడుకో కూతురో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తూ నెలనెలా 401కె ఖాతాలో డాలర్లు వేస్తున్నారు. ఇద్దరి కాగితాల మీదా రెండు గళ్లు ఉంటాయి. ఒకటి నేను వేసింది, రెండోది కంపెనీ వేసింది. ఫోన్లో మాటల మధ్య వచ్చే ప్రశ్న కూడా ఒకటే: “కంపెనీ కూడా వేస్తోంది కదా నాన్నా, మరి నేను వేసుకునే లిమిట్ తగ్గుతుందా?”

చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, ముప్పై ఏళ్ల తర్వాత చేతికొచ్చే సొమ్ము ఎంతన్నది చాలావరకు దీని జవాబు మీదే ఆధారపడుతుంది. రెండు దేశాలూ దీనికి వేర్వేరు జవాబులు చెప్పాయి. ఆ జవాబులను బట్టి ఏ చట్టం ఎవరి కోసం రాసిందో తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. అమెరికా చట్టం హద్దులను స్పష్టంగా గీసింది, కానీ 401కెలో ఒక్క డాలరు వేయమని కూడా యజమానిని నిర్బంధించలేదు. మన చట్టం యజమాని చేత వేయించింది, కానీ హద్దును ఏళ్ల తరబడి ఒకేచోట వదిలేసింది. పైగా యజమాని వాటా చివరికి ఎవరి జేబులోంచి వస్తోందన్నది గట్టిగా పట్టించుకోలేదు. మన చట్టంలోని ఈ రెండు లోపాల్లో మొదటిదాని కంటే రెండోదే మన వాళ్లకు ఎక్కువ నష్టం చేస్తోంది.

ముందు అమెరికా సంగతి. 1978లో అక్కడి ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన ఒక ఉపనిబంధన నుంచి పుట్టింది 401కె. పేరు కూడా ఆ సెక్షన్ నంబరే. ఇందులో గుర్తుంచుకోవాల్సిన హద్దులు రెండు. ఉద్యోగి తన జీతంలోంచి వేసుకోగలిగిన మొత్తం 2025లో 23,500 డాలర్లు, 2026కు 24,500. ఇది పూర్తిగా ఉద్యోగి హద్దు, కంపెనీ వేసే వాటా ఇందులోకి రాదు. రెండోది పై హద్దు. ఉద్యోగి వేసిందీ కంపెనీ వేసిందీ కలిపి ఒక ఖాతాలో ఏడాదికి 2025లో 70,000 డాలర్లు, 2026లో 72,000 దాటకూడదు. యాభై ఏళ్లు నిండినవాళ్లకు ఇంకొంత అదనం ఉంది. అంటే కంపెనీ ఎంత వేసినా నీ హద్దు నీదే. ఫోన్లో అడిగిన ప్రశ్నకు ఆ దేశంలో జవాబు ఇంత సూటిగా ఉంటుంది.

2025 హద్దులతో లెక్కలో చూద్దాం. ఏడాదికి లక్ష డాలర్ల జీతం అనుకోండి. జీతంలో 6 శాతం వరకు నువ్వు వేసినదాంట్లో సగం మేం వేస్తాం అనే సూత్రం చాలా కంపెనీల్లో కనిపిస్తుంది. నువ్వు 6,000 వేస్తే కంపెనీ 3,000 వేస్తుంది. నువ్వు 23,500 వేసినా కంపెనీ వేసేది ఆ 3,000 మాత్రమే. మొత్తం 26,500. పై హద్దు ఇంకా చాలా దూరంలో ఉంది. నిజానికి మామూలు ఉద్యోగికి ఆ 70,000 హద్దు ఎప్పటికీ తగలదు. అది పెద్ద జీతాల వాళ్ల కోసం పెట్టిన గోడ, దాన్ని పెట్టాల్సిన చోటే పెట్టారు.

ఇంత స్పష్టత ఉన్నా అక్కడ మనవాళ్లు డబ్బు పోగొట్టుకునే చోట్లు రెండున్నాయి. ఏడాది మొదట్లోనే హద్దు నిండా వేసేద్దామన్న తొందర మొదటిది. లక్షా యాభై వేల డాలర్ల జీతగాడు ఆగస్టు చివరికే 23,500 పూర్తి చేశాడనుకుందాం. సెప్టెంబరు నుంచి అతను వేసేది సున్నా. కంపెనీ ప్రతి జీతానికీ విడివిడిగా లెక్కగట్టే పద్ధతిలో ఉంటే ఆ నాలుగు నెలలూ కంపెనీ వాటా కూడా సున్నాయే. పైన చెప్పిన సూత్రం ప్రకారం నెలకు 375 చొప్పున 1,500 డాలర్లు ఊరికే పోతాయి. ఏడాది చివర లెక్క సరిచేసి ఆ తేడా ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. దాన్ని అక్కడ ట్రూ అప్ అంటారు. మీ కంపెనీలో అది ఉందో లేదో అడగడానికి ఒక్క ఈమెయిల్ చాలు. రెండోది, ఏడాది మధ్యలో ఉద్యోగం మారినప్పుడు వచ్చే చిక్కు. 23,500 హద్దు మనిషికి సంబంధించింది, కంపెనీకి కాదు. పాత కంపెనీలో 15,000 వేసిన సంగతి కొత్త కంపెనీ పేరోల్‌కు తెలియదు, మనమే చెప్పాలి. చెప్పకపోతే హద్దు దాటిపోతుంది. దాటిన మొత్తాన్ని తర్వాతి ఏడాది ఏప్రిల్ 15లోగా వెనక్కి తీసుకోకపోతే అదే సొమ్ముకు రెండుసార్లు పన్ను పడుతుంది. హెచ్1బీ వీసా మీద కంపెనీలు మారే పిల్లలకు ఈ ఇబ్బంది కొత్త కాదు.

ఇంకో మెలిక వెస్టింగ్. కంపెనీ వేసిన వాటా వెంటనే నీ సొంతం కానక్కర్లేదు. మూడేళ్లు నిండాక ఒకేసారి ఇవ్వవచ్చు, లేదా ఆరేళ్ల దాకా విడతలుగా ఇవ్వవచ్చు. ముందే మానేస్తే మిగతాది కంపెనీకే పోతుంది. మన పీఎఫ్‌లో ఈ బాధ లేదు. ఖాతాలో పడిన యజమాని వాటా ఆ రోజు నుంచే ఉద్యోగిది. ఈ ఒక్క విషయంలో మన చట్టం ఎంతో ముందుంది, ఈ మాట గట్టిగానే చెప్పాలి.

ఇక మన పీఎఫ్. 1952 నాటి చట్టంతో మొదలైంది. ఇరవై మంది, అంతకు పైగా పనిచేసే సంస్థల్లో వర్తిస్తుంది. బేసిక్, డీఏ కలిపి దాని మీద ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం. అమెరికాలోలా ‘నువ్వు వేస్తే నేను వేస్తా’ అన్న షరతు లేదు. ఉద్యోగి కోరినా కోరకపోయినా ఇద్దరూ వేయాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో షోరూం సేల్స్‌గర్ల్‌కూ, హైటెక్ సిటీలో మేనేజరుకూ చట్టం ఇచ్చిన హక్కు ఒకటే. అమెరికాలో దుకాణంలో పనిచేసే అమ్మాయికి యజమాని 401కె పెట్టాలన్న రూలే లేదు, పెట్టినా మ్యాచింగ్ ఇవ్వాలన్న రూలు అసలే లేదు. సూత్రంగా చూస్తే మనదే మెరుగైన చట్టం.

న్యాయంగా ఒక మాట కలపాలి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అని వేరే ఉంది. అందులో ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం తప్పనిసరిగా కడతారు. 2025లో 1,76,100 డాలర్ల జీతం వరకు ఈ కోత ఉంటుంది. కాబట్టి అక్కడ యజమానిని పూర్తిగా వదిలేశారని అనలేం. కానీ ఆ పెన్షన్ రావాలంటే దాదాపు పదేళ్లు పనిచేయాలి. భారత్‌కూ అమెరికాకూ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేదు. ఏడేళ్లో ఎనిమిదేళ్లో పనిచేసి వనస్థలిపురానికి తిరిగొచ్చిన పిల్లలు కట్టింది తిరిగి రాదు. మన పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ అనే పెన్షన్ పథకానికీ పదేళ్ల నిబంధన ఉంది గానీ, పదేళ్లు నిండకుండా మానేసినవాళ్లకు లెక్కగట్టి ఎంతో కొంత వెనక్కిస్తారు.

మన చట్టంలో అసలు చిక్కు 15,000 రూపాయల దగ్గర మొదలవుతుంది. బేసిక్ 15,000 ఉన్న ఉద్యోగి నెలకు 1,800 కడితే యజమానీ 1,800 కడతాడు. ఆ రెండో 1,800లోంచి 1,250 పెన్షన్ పథకానికి, అంటే ఈపీఎస్‌కు వెళ్తుంది. పీఎఫ్ ఖాతాలో పడేది 550 మాత్రమే. పాస్‌బుక్ తెరిచి చూసినవాళ్లు చాలామంది ‘కంపెనీ సగానికి సగం ఎగ్గొట్టింది’ అని మొదట కంగారు పడేది ఇక్కడే. ఎగ్గొట్టలేదు, మూడో గడిలో పెన్షన్ వాటాగా ఉంటుంది చూడండి. బేసిక్ 60,000 ఉన్నా కంపెనీ 15,000 మీదే లెక్కగట్టి 1,800 కట్టి ఊరుకోవచ్చు. చట్టం దాన్ని తప్పనదు. అంటే నిజమైన జీతం మీద యజమాని వాటా 12 శాతం నుంచి 3 శాతానికి పడిపోయింది. పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ అయితే 7,200 వచ్చేది. ఒకే చదువు, ఒకే పని, ఒకే జీతం ఉన్న ఇద్దరి మధ్య నెలకు 5,400 తేడా. వడ్డీతో కలిపి పాతికేళ్లకు అది చిన్న ఇంటి ఖరీదంత దూరం తెస్తుంది.

ఉద్యోగంలో చేరేటప్పుడే బేసిక్ 15,000 దాటి ఉండి, అంతకుముందు పీఎఫ్ లేకపోతే ఆ మనిషిని చేర్చుకోవాల్సిన నిర్బంధమే లేదు. అందుకే కొన్నిచోట్ల కొత్తగా చేరేవారికి బేసిక్‌ను కావాలనే 15,000కు కొంచెం పైన పెట్టి పీఎఫ్ లేకుండా చేస్తారు. ఇంకొన్నిచోట్ల దీనికి తలకిందులుగా, బేసిక్ బాగా తగ్గించి మిగతాదంతా అలవెన్సుల కింద చూపిస్తారు. వివేకానంద విద్యామందిర్ కేసులో 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు, అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులనూ పీఎఫ్ లెక్కలోకి తేవాలని తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంత మేర వేతనంగానే లెక్కించాలంటోంది. రెండూ మంచి మార్పులే. అయితే 15,000 పరిమితి అక్కడే ఉన్నంతకాలం వాటి ప్రయోజనం ఆ పరిమితి లోపలే ఆగిపోతుంది.

ఈ పరిమితి చరిత్ర చూస్తే బాధ కలుగుతుంది. 1952లో 300 రూపాయలు. 1994లో 5,000. 2001లో 6,500. 2014 సెప్టెంబరు 1న 15,000. ఆ తర్వాత పదేళ్లు దాటినా దాన్ని కదిలించలేదు. అదే 2014లో అమెరికా 401కె హద్దు 17,500 డాలర్లు, 2025కు 23,500. అక్కడ హద్దును ధరల పెరుగుదలకు ముడిపెట్టారు, ఎవరూ ధర్నా చేయకుండానే ఏటా సమీక్షకు వస్తుంది. ఇక్కడ హద్దు పెరగాలంటే సంఘాలు ఏళ్ల తరబడి అడగాలి, మంత్రిత్వ శాఖ ఫైలు కదలాలి. కార్మికుల ఆరోగ్య బీమా పథకం ఈఎస్ఐకి 2017 జనవరి నుంచి 21,000 పరిమితి ఉంది. అదే కార్మిక శాఖ కింద, అదే కార్మికుడికి, జబ్బు చేస్తే ఒక పరిమితి, ముసలితనానికి ఇంకో పరిమితి ఎందుకుండాలి?

దీని దెబ్బ పెన్షన్ మీద ఎలా పడుతుందో చూడండి. ఈపీఎస్ లెక్క ప్రకారం పెన్షన్‌కు తీసుకునే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. జీతం 15,000 దగ్గర ఆగిపోతే, సర్వీసు 35 ఏళ్లుగా లెక్కకు వచ్చినా నెలకు 7,500. కనీస పెన్షన్ అయితే 2014లో పెట్టిన 1,000 రూపాయలు. సరూర్‌నగర్‌లో ఒక గది అద్దెకు కూడా చాలని సొమ్ము. హద్దు అనేది ధనికుణ్ని ఆపడానికి ఉండాలి. అమెరికాలో 70,000 డాలర్ల హద్దు చేస్తున్నది అదే. మన 15,000 హద్దు ఆపుతున్నది మాత్రం మధ్యతరగతి మనిషికి రావాల్సిన యజమాని వాటాను. నిర్బంధం బాగుంది గానీ, ఆ నిర్బంధం పైకప్పును ఇంత కిందికి దించారు.

ఇంతకంటే లోతైన తేడా ఇంకొకటి ఉంది. అసలు యజమాని వాటా ఎవరి సొమ్ము? అమెరికాలో ఆఫర్ లెటర్‌లో లక్ష డాలర్లు అని రాస్తే, మామూలుగా మ్యాచింగ్ దానికి బయట ఉంటుంది. ఇక్కడ సీటీసీ అంటారు, అంటే కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు. ఆరు లక్షల సీటీసీ అని చెప్పిన ఉద్యోగంలో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా ఆ ఆరు లక్షల లోపలే ఉంటుంది, చాలాచోట్ల గ్రాట్యుటీ కూడా. ఇక ఏజెన్సీల ద్వారా పనిచేసే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు తరచూ చెప్పే మాట, “రెండు కటింగులూ మా జీతంలోంచేనండి” అని. పీఎఫ్ స్కీము మాత్రం తన 31వ పేరాలో, యజమాని తన వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని స్పష్టంగా చెప్పింది. జీతం నిర్ణయించేటప్పుడే వాటాను లోపల కలిపేస్తే కోత కనిపించదు, మాట తప్పినట్టూ ఉండదు. కానీ మనిషి చేతికి తగ్గి వచ్చేది అంతే.

దీన్ని ఊహాగానం అనుకోవద్దు. ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం ఒకటుంది. కోవిడ్ సమయంలో 2020 మే, జూన్, జూలై నెలలకు పీఎఫ్‌ను ఇద్దరికీ 12 నుంచి 10 శాతానికి తగ్గించారు. యజమానికి మిగిలిన ఆ 2 శాతం ఎవరికి చెందాలన్న ప్రశ్న వచ్చింది. సీటీసీ పద్ధతిలో జీతమిచ్చే చోట ఆ 2 శాతాన్ని ఉద్యోగికే చెల్లించాలని పీఎఫ్‌ను నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ వివరణ ఇచ్చింది. సరైన వివరణే. అయితే దాని అర్థమేమిటి? సీటీసీలో ఉన్న యజమాని వాటా మొదటి నుంచీ ఉద్యోగి సొమ్మేనని. అప్పుడు దాన్ని మ్యాచింగ్ అనడం ఎందుకు? ఒకే జేబులోంచి రెండు చేతులతో తీసి రెండు గళ్లలో రాస్తున్నట్టు ఉంటుంది. అమెరికాలో 2020లోనే చాలా కంపెనీలు మ్యాచింగ్‌ను తాత్కాలికంగా ఆపేశాయి. అక్కడ ఆపే స్వేచ్ఛ యజమానిది. ఇక్కడ శాతం తగ్గించడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావాల్సి వచ్చింది. భద్రత మన దగ్గరే ఎక్కువ. ఆ భద్రతకు ఖరీదు చెల్లిస్తున్నది మాత్రం చాలాచోట్ల ఉద్యోగే.

పన్ను వైపు నుంచి చూస్తే కథ ఇంకో మలుపు తీసుకుంటుంది. యజమాని వాటా ఉంటే మన హద్దు మారుతుందా అన్న ప్రశ్నకు మన పన్ను చట్టం నేరుగా జవాబు చెప్పింది, అదీ అమెరికాకు పూర్తి విరుద్ధంగా. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఉద్యోగి సొంతంగా ఏడాదికి రెండున్నర లక్షలు దాటి పీఎఫ్‌లో వేస్తే, దాటిన భాగం మీద వచ్చే వడ్డీకి పన్ను పడుతుంది. అదే యజమాని వాటా లేని ఖాతా అయితే, అంటే పాత పెన్షన్ ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల జీపీఎఫ్ లాంటిదైతే, ఈ హద్దు ఐదు లక్షలు. యజమాని వేస్తున్నాడు కాబట్టి నీ హద్దు సగం. యజమాని నిజంగా తన జేబులోంచి పూర్తిగా వేసే చోట ఈ తర్కం ఒప్పుకోవచ్చు. నెలకు 1,800 దగ్గర ఆపేసి, దాన్నీ సీటీసీలోంచే తీసే చోట ఇది అన్యాయం.

దీన్ని చూసి వీపీఎఫ్, అంటే 12 శాతానికి మించి స్వచ్ఛందంగా వేసే పీఎఫ్, వేసుకోవడానికి భయపడాల్సిన పని లేదు. బేసిక్ 60,000 మీద పూర్తి 12 శాతం కట్టే ఉద్యోగి వాటా ఏడాదికి 86,400. రెండున్నర లక్షల హద్దు వరకు ఇంకా 1,63,600 ఖాళీ ఉంది, నెలకు దాదాపు 13,600. స్వచ్ఛందంగా అంత పెంచుకున్నా వడ్డీకి పన్ను లేదు. 2023-24లోనూ 2024-25లోనూ ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. యజమాని మాత్రం మనం పెంచుకున్న మేర తనూ పెంచాల్సిన అవసరం లేదు. 12 దగ్గరే ఆగుతాడు.

యజమాని వైపు కూడా ఒక గోడ ఉంది. పీఎఫ్, ఎన్‌పీఎస్ అనే జాతీయ పెన్షన్ పథకం, సూపర్‌యాన్యుయేషన్ నిధి మూడింటిలో కలిపి యజమాని వేసేది ఏడాదికి ఏడున్నర లక్షలు దాటితే, పైది ఉద్యోగి ఆదాయంగా లెక్కిస్తారు. 2020 బడ్జెట్‌లో తెచ్చిన నిబంధన ఇది. అమెరికా పై హద్దు లాగానే ఇదీ పెద్ద జీతాల వాళ్లకు తప్ప తగలదు. దీని మీద నాకు ఫిర్యాదు లేదు.

కొత్త పన్ను విధానం వచ్చాక మాత్రం యజమాని వాటా విలువ ఇంకా పెరిగింది. పాత విధానంలో మనం కట్టే పీఎఫ్‌కు లక్షన్నర వరకు మినహాయింపు ఉంటుంది. కొత్త విధానంలో అది లేదు. మన వాటా పన్ను కట్టాక ఖాతాలోకి వెళ్తుంది, యజమాని వాటా పన్ను లేకుండా వెళ్తుంది. ఎన్‌పీఎస్‌లో యజమాని వేసే వాటాకు బేసిక్, డీఏలో 14 శాతం వరకు మినహాయింపును 2024 జూలై బడ్జెట్‌లో ప్రైవేటు ఉద్యోగులకూ ఇచ్చారు. బేసిక్ 50,000 ఉంటే నెలకు 7,000, ఏడాదికి 84,000. మీ కంపెనీలో ఈ సదుపాయం ఉంటే హెచ్ఆర్‌ను అడిగి సీటీసీ విభజన మార్పించుకోండి. సీటీసీ లోపలి సొమ్మే అయినా పన్నయినా మిగులుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలు కోరుకునే ఉద్యోగంలోనూ ఈ రెండు గళ్లే ఉన్నాయి. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేరిన ఉద్యోగులకు పాత పెన్షన్ బదులు ఇద్దరూ వాటా వేసే సీపీఎస్ వచ్చింది. ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 10 శాతం చొప్పున మొదలైంది. 2019 ఏప్రిల్ నుంచి కేంద్రం తన ఉద్యోగులకు తన వాటాను 14 శాతం చేసింది. 15,000 పరిమితి ఇక్కడ లేదు, మొత్తం బేసిక్, డీఏ మీదే లెక్క. ఆ మేరకు ఈ పథకం ప్రైవేటు పీఎఫ్ కంటే నయం. అయినా ఏటా సెప్టెంబరు 1న ఉపాధ్యాయ సంఘాలు పెన్షన్ విద్రోహ దినం ఎందుకు పాటిస్తున్నాయి? యజమాని ఎంత వేస్తాడన్నదే కాదు, చివరికి ఎంత వస్తుందన్న హామీ కూడా వాళ్లకు కావాలి. 401కెకూ ఆ హామీ లేదు. వాటాల లెక్కల దగ్గరే ఆగిపోయే పోలిక ఈ విషయాన్ని చూడలేదు. ఉపాధ్యాయుల కోపం న్యాయమైనదే.

అన్నిటికంటే పెద్ద తేడా యజమాని లేని మనిషి దగ్గర కనిపిస్తుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలింది. దానితో పాటు వెళ్లిన హమాలీ, ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో నడిపే మనిషి, చైతన్యపురిలో టైలరింగ్ షాపు పెట్టుకున్న ఆవిడ, వీళ్లెవరికీ రెండో గడి లేదు. అమెరికాలో సొంతంగా కన్సల్టింగ్ చేసుకునే మనిషిని అక్కడి చట్టం రెండు పాత్రల్లో చూస్తుంది. 2025 లెక్కలో ఉద్యోగిగా 23,500, తనకు తానే యజమానిగా ఆదాయంలో దాదాపు నాలుగో వంతు దాకా అదనంగా, మొత్తం 70,000 వరకు వేసుకోనిస్తుంది. యజమాని లేనంత మాత్రాన యజమాని హద్దును లాక్కోలేదు. మన కొత్త పన్ను విధానంలో స్వయం ఉపాధి మనిషికి రిటైర్మెంట్ పొదుపు మీద మినహాయింపు ఏదీ మిగల్లేదు. పన్ను లేకుండా లోపలికి వెళ్లే దారి యజమాని ద్వారా మాత్రమే ఉంది. అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ముందు ఇదే.

పేదవాళ్లకు ప్రభుత్వమే యజమాని స్థానంలో నిలబడి వాటా వేసిన ఉదాహరణలు మన దగ్గరా ఉన్నాయి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అభయహస్తంలో స్వయం సహాయక సంఘం మహిళ రోజుకో రూపాయి వేస్తే ప్రభుత్వమూ రూపాయి వేసేది. ఏ బడా కంపెనీ మ్యాచింగ్ కంటే తక్కువ కాని ఆలోచన అది. నూటికి నూరు మ్యాచింగ్, పైగా యజమాని లేని ఆడవాళ్లకు. తర్వాత అది నిలిచిపోయింది. 2019లో కేంద్రం తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌లో నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికుడు, 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరితే, వయసును బట్టి 55 నుంచి 200 రూపాయల దాకా వేయాలి. ప్రభుత్వం అంతే వేస్తుంది. అరవై దాటాక నెలకు 3,000. ఆలోచన మంచిదే, మొత్తం చిన్నది. నలభై రెండేళ్ల హమాలీకి తలుపు మూసే ఉంటుంది. అమెరికా 2027 నుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు రిటైర్మెంట్ ఖాతాలో వేసే 2,000 డాలర్ల వరకు సగం ప్రభుత్వమే కలిపేలా చట్టం చేసింది. ఆ దారిలో మనం వాళ్లకంటే ముందే నడిచాం, మధ్యలో ఆగిపోయాం.

పక్కపక్కన పెట్టి చూశాక నేను అడిగేవి నాలుగు. 15,000 పరిమితిని కనీసం ఈఎస్ఐ స్థాయికి తెచ్చి, ఆపై ప్రతి ఏడూ ధరలతో పాటు అదే పెరిగేలా చట్టంలోనే రాయాలి. ఆఫర్ లెటర్‌లో జీతాన్ని యజమాని వాటాకు బయట చూపించడం తప్పనిసరి చేయాలి. యజమాని పరిమితి దగ్గర ఆగిపోయే చోట ఉద్యోగి వడ్డీ హద్దు కూడా ఐదు లక్షలే ఉండాలి. యజమాని లేని మనిషికి కొత్త పన్ను విధానంలో సమానమైన మినహాయింపు ఇవ్వాలి. నిర్బంధ వాటాను మాత్రం వదులుకోకూడదు. ‘యజమాని ఇష్టం’ అన్న అమెరికా సూత్రం ఇక్కడికి వస్తే కొత్తపేట షాపుల్లో రెండో గడి తుడిచిపెట్టుకుపోతుంది.

చట్టం మారేదాకా ఒక పని మన చేతిలో ఉంది. గత నెల వాటాలు ఈ నెల 15లోగా పీఎఫ్ ఖాతాకు జమ కావాలి. ఉద్యోగి జీతంలో కోసి కట్టకపోతే అది నమ్మకద్రోహం కింద నేరం. మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరిచి ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా మూడు గళ్లూ నెలనెలా చూసుకోండి. ఏ నెలైనా యజమాని గడి ఖాళీగా ఉంటే పేస్లిప్పులు తీసుకుని బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసుకు వెళ్లండి. మీ సంస్థ వేరే ఆఫీసు కిందికి వస్తే ఎక్కడికి వెళ్లాలో అక్కడ చెబుతారు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.